హీట్ డోమ్ అంటే నిజంగా మూతేనా? వేడి ఎక్కడ చిక్కుకుంటోంది?

వానకోసం · సోమవారం, రాత్రి 11:20

ఐదు రోజులుగా ఆకాశంలో మబ్బు తునక లేదు. పగటి ఎండ సంగతి సరే, ఇప్పుడు ఈ టైంలో కూడా పడమటి గోడ మీద చెయ్యి పెడితే ఉంచలేకపోతున్నాను. వార్తల్లో మాత్రం "హీట్ డోమ్ ఇది, అధిక పీడనం వల్ల వేడి చిక్కుకుపోయింది, మూత పెట్టినట్టు ఉంది" అని ఒకే మాట తిప్పి తిప్పి చెబుతున్నారు.

నాకు అర్థం కానివి మూడున్నాయి. గాలికి మూతేమిటి? వేడిగాలి తేలిక కదా, పైకి పోవాలి. పోకుండా ఆపేదేమిటి? రెండోది, చలికాలంలో కూడా అధిక పీడనం అంటారు, అప్పుడేమో వణికిస్తుంది. ఒకే పీడనం రెండు రకాలుగా ఎలా పనిచేస్తుంది? మూడోది అన్నిటికన్నా ఎక్కువ తికమక పెడుతోంది. నా దగ్గర పాత బారోమీటర్ ఉంది. అది చూస్తే పీడనం ఎక్కువేమీ లేదు, మామూలు కన్నా కాస్త తక్కువే చూపిస్తోంది. అది పాడైందా, వార్తలు తప్పా?

తెలిసినవాళ్లు తీరిగ్గా చెప్పండి. ఎలాగూ నిద్ర పట్టడం లేదు.

---

భౌతికం_మాస్టారు · సోమవారం, రాత్రి 11:52

వానకోసం గారూ, మొదటి ప్రశ్నతో మొదలుపెడతాను. ఇంట్లో సైకిల్ పంపు ఉందా? ఉంటే గొట్టం చివర వేలితో గట్టిగా మూసి పదిసార్లు వేగంగా కొట్టండి. తర్వాత పంపు అడుగుభాగాన్ని పట్టుకుని చూడండి, వెచ్చగా తగులుతుంది. లోపలికి ఎవరూ నిప్పు పంపలేదు. గాలిని నొక్కారు, నొక్కడానికి మీరు చేసిన పని వేడిగా మారింది.

పైన అధిక పీడనం కూర్చున్న ప్రాంతంలో జరిగేది ఇదే. అక్కడ గాలి చాలా నెమ్మదిగా, రోజుకు కొన్ని వందల మీటర్ల చొప్పున కిందికి దిగుతుంది. దిగేకొద్దీ చుట్టూ పీడనం పెరుగుతుంది కాబట్టి నలిగి వేడెక్కుతుంది. లెక్క చాలా స్థిరమైనది: మబ్బు లేకుండా దిగే గాలి ప్రతి కిలోమీటరుకూ దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. 4 కిలోమీటర్ల ఎత్తులో 0 డిగ్రీలున్న గాలిని అలాగే నేలకు దించితే 40 డిగ్రీలు అవుతుంది.

రేడియేషన్ వల్ల ఆ గాలి రోజుకు ఒకటి రెండు డిగ్రీలు చల్లబడుతుంది, నిజమే. కానీ దిగడం వల్ల వచ్చే వేడి ముందు అదెంత?

---

అనుమానం · మంగళవారం, ఉదయం 6:35

మాస్టారూ, ఒక సందేహం. పీడనం వల్లే వేడి వస్తే, గాలి నింపిన సైకిల్ టైరు ఎప్పుడూ వేడిగా ఉండాలి కదా. నిన్న నింపి పెట్టిన టైరు ఈ పొద్దున చల్లగానే ఉంది.

---

భౌతికం_మాస్టారు · మంగళవారం, ఉదయం 7:10

చాలా మంచి ప్రశ్న. వేడి పుట్టేది నొక్కుతున్నప్పుడు. నొక్కి ఊరుకుంటే పుట్టదు. టైరులో పీడనం రాత్రంతా ఉంది, కానీ కొత్తగా నొక్కుడేమీ జరగలేదు, ఉన్న వేడి చుట్టూ ఉన్న గాలిలోకి పోయింది. కాబట్టి "పీడనం ఎక్కువ కనుక వేడి" అనే మాట తప్పు. "గాలి దిగుతోంది కనుక వేడి" అనాలి. ఈ రెండింటికీ ఉన్న తేడా పట్టుకుంటే వానకోసం గారి చలికాలం ప్రశ్న కూడా సగం తేలిపోతుంది.

మంచుదేశాల్లో చలికాలపు అధిక పీడనం చాలావరకు నేలను అంటుకుని ఉండే పలచని పొర. చల్లబడి బరువెక్కిన గాలి నేల మీద పేరుకుంటుంది, అందుకే పీడనం పెరుగుతుంది. సైబీరియా మీద ఏటా ఏర్పడేది అదే. అక్కడ కూడా పైన గాలి దిగి వేడెక్కుతూనే ఉంటుంది, కానీ ఆ వేడి నేల దాకా రాదు. పగలు చిన్నది, ఎండ ఏటవాలు, నేల తన వేడిని రాత్రంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. కింద చలి, పైన వెచ్చదనం, మధ్యలో పొగమంచు. వేసవిలో నేల మండుతుంది కాబట్టి పై గాలి, కింది గాలి కలుస్తాయి. మూత అదే, కింద ఉన్న పొయ్యి వేరు.

---

పటాలగది · మంగళవారం, ఉదయం 9:05

వానకోసం గారూ, మీ బారోమీటర్ పాడవలేదు, వార్తలూ తప్పు కాదు. రెండూ వేర్వేరు ఎత్తుల గురించి మాట్లాడుతున్నాయి.

ఎండాకాలపు డోమ్‌ను నేల దగ్గర పీడనంలో వెతికితే చాలాసార్లు కనబడదు. నేల పక్కన గాలి బాగా కాగి వ్యాకోచిస్తుంది, కొంత పైకెళ్లి పక్కలకు జారిపోతుంది, దాంతో మీ నెత్తి మీద ఉన్న గాలి బరువు కాస్త తగ్గుతుంది. బారోమీటర్ చూపించేది ఆ తగ్గుదల. దీన్ని వేడి వల్ల వచ్చిన అల్పపీడనం అంటారు. వాన తెచ్చే అల్పపీడనం కాదు, చాలా లోతు తక్కువది, దాని మీదే పెద్ద అధిక పీడనం కూర్చుని ఉంటుంది.

మేం పటాల్లో చూసేది 500 మిల్లీబార్ల మట్టం. అంటే వాతావరణంలో సగం గాలి దానికి కింద, సగం పైన ఉండే ఎత్తు. సగటున ఇది ఐదున్నర కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. కింది గాలి వేడెక్కితే ఉబ్బుతుంది, ఆ మట్టం పైకి లేస్తుంది. తూర్పు ఆసియా వాతావరణ కేంద్రాల్లో 5,880 మీటర్ల గీతను వేసవి అధిక పీడనానికి సరిహద్దుగా చూస్తారు. పటం మీద ఆ గీతలు గుమ్మటంలా కనబడతాయి, డోమ్ అన్న మాట అందుకే అంత సులువుగా అతుక్కుపోయింది.

ఈ పూట మీ ప్రాంతం పటం తెరిచి చూడండి. నేల పటంలో ఖాళీగా కనబడే చోటే 500 పటంలో గుమ్మటం కనబడుతుందని నా నమ్మకం.

---

వానకోసం · మంగళవారం, ఉదయం 9:40

చూశాను. సరిగ్గా అలాగే ఉంది! నేల పటంలో ఏమీ లేదు, 500 దగ్గర గుండ్రంగా గీతల మీద గీతలు. ఐదేళ్లుగా ఆ బారోమీటర్‌ను అనుమానిస్తూ వచ్చాను.

కానీ మూత సంగతి ఇంకా మిగిలే ఉంది. దిగే గాలి వేడెక్కుతుంది, సరే. కింద కాగిన గాలి దాన్ని తోసుకుని పైకి ఎందుకు పోలేదు?

---

మబ్బులవేట · మంగళవారం, మధ్యాహ్నం 1:15

దీనికి మాస్టారి లెక్కనే వాడుకుందాం. 4 కిలోమీటర్ల ఎత్తులో 0 డిగ్రీలున్న గాలి ఒకటిన్నర కిలోమీటర్ల దాకా దిగి ఆగిందనుకోండి. రెండున్నర కిలోమీటర్లు దిగింది, 25 డిగ్రీలు అయ్యింది. ఇప్పుడు నేల దగ్గర 35 డిగ్రీలున్న గాలి బుడగ ఒకటి పైకి బయలుదేరింది. అది పైకెళ్లేకొద్దీ అదే లెక్కన చల్లబడుతుంది. ఒకటిన్నర కిలోమీటర్లు చేరేసరికి 20 డిగ్రీలు. అక్కడ చుట్టూ ఉన్న గాలి 25. మన బుడగే చల్లన, అదే బరువు. ఇక పైకి పోదు, ఆగి వెనక్కి వస్తుంది.

మూత అంటే ఇదీ. అక్కడ అడ్డంగా పెట్టిందేమీ లేదు. పై గాలి ముందే వేడెక్కి ఉంది కాబట్టి కింది గాలి తేలిక అనిపించుకోలేదు. వేడిగాలి తేలుతుందన్న మాట సగమే నిజం. పక్కనున్న గాలి కన్నా వేడిగా ఉంటేనే తేలుతుంది.

ఇందులో నన్ను ఎప్పుడూ కలవరపెట్టే విషయం ఇంకొకటుంది. ఆ బుడగ మూతను దాటాలంటే నేల దగ్గర ఎంత ఉండాలి? 40 డిగ్రీలు. అంతవరకూ సూర్యుడు ఇచ్చినదంతా ఆ ఒకటిన్నర కిలోమీటర్ల లోపలే ఇరుక్కుని తిరుగుతుంది. మామూలు రోజున అదే ఎండ మూడు నాలుగు కిలోమీటర్ల మందం గాలికి పంచుకుపోయేది, మబ్బులు కట్టేది, మబ్బు నీడ పడేది, సాయంత్రం ఓ జల్లు కురిసేది. ఆ దారులన్నీ మూసుకుపోతాయి.

బయటికి చూస్తే తెలిసిపోతుంది. డోమ్ కింద ఆకాశం ముదురు నీలంగా ఉండదు, పాలిపోయిన తెలుపులో ఉంటుంది. దుమ్ము, పొగ ఆ మూత కిందే పేరుకుంటాయి. దూరంగా ఎక్కడైనా పొగ లేస్తుంటే గమనించండి. నిటారుగా కొంత ఎత్తు దాకా వెళ్లి, అక్కడ గీత గీసినట్టు పక్కలకు పరుచుకుంటుంది. ఆ గీతే మూత.

---

అనుమానం · మంగళవారం, మధ్యాహ్నం 2:30

ఇవన్నీ ఒప్పుకుంటాను. అయినా నా అనుమానం పోలేదు. ఎడారి మీంచి వచ్చే వేడిగాలి సంగతేమిటి? చాలాచోట్ల వడగాలి అంటే అదే కదా. వేడి అక్కడే తయారవుతోందని మీరంటున్నారు, నేను బయటినుంచి వస్తోందంటున్నాను.

---

పటాలగది · మంగళవారం, మధ్యాహ్నం 3:10

అది కూడా ఉంది. 2019 జూన్ 28న దక్షిణ ఫ్రాన్స్‌లోని వెరార్గ్‌లో 46.0 డిగ్రీలు నమోదైంది, ఆ దేశానికి అదే రికార్డు. అప్పుడు ఉత్తర ఆఫ్రికా మీంచి వేడిగాలి నేరుగా ఐరోపాలోకి ఎక్కింది. అధిక పీడనం పడమటి అంచున, ఉత్తరార్ధగోళంలో, గాలి దక్షిణం నుంచి ఉత్తరానికి వీస్తుంది కాబట్టి డోమ్ స్వయంగా ఆ వేడిని లాక్కొస్తుంది.

కానీ అన్నిటికీ అది సమాధానం కాదు. 2021 జూన్‌లో కెనడా పడమటి తీరంలో వచ్చినదాన్ని చూడండి. ఆ గాలి ఎడారి నుంచి రాలేదు, పసిఫిక్ సముద్రం మీంచి వచ్చింది. సముద్రం మీద తుఫాను వ్యవస్థలో ఆ గాలి పైకి లేచి, అందులోని ఆవిరి నీరుగా మారి, దాచుకున్న వేడిని అక్కడే వదిలేసింది. తర్వాత తీరం మీదికి వచ్చి దిగింది, దిగుతూ ఇంకా వేడెక్కింది. అంటే వేల కిలోమీటర్ల అవతల కురిసిన వాన ఇక్కడి ఎండకు తోడైంది. ఈ సంగతి మొదటిసారి తెలుసుకున్న రోజు నాకు చాలాసేపు వేరే పని తోచలేదు.

కాబట్టి ఏ డోమ్‌నైనా మూడు ఖాతాల్లో చూడాలి: బయటినుంచి వచ్చినది, దిగి నలగడం వల్ల వచ్చినది, నేల మీద ఎండ కాచినది. ఒక్కోచోట ఒక్కో ఖాతా బరువుగా ఉంటుంది.

---

మట్టివాసన · మంగళవారం, సాయంత్రం 6:20

మూడో ఖాతా గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. నేను మట్టిలో తేమ కొలిచే పనిలో ఉంటాను.

మబ్బు లేని వేసవి రోజున చదరపు మీటరు నేల మీద పడే ఎండ 25 నుంచి 30 మెగాజౌళ్లు. నేల తడిగా ఉంటే అందులో పెద్ద భాగం నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. ఒక కిలో నీరు ఆవిరి కావాలంటే దాదాపు 2.45 మెగాజౌళ్లు కావాలి. తడి నేల, పచ్చటి మొక్కలు కలిసి రోజుకు 4 మిల్లీమీటర్ల నీరు వదిలితే, చదరపు మీటరుకు 4 కిలోలు, అంటే దగ్గర దగ్గర 10 మెగాజౌళ్లు. ఆ వేడి థర్మామీటరులో కనబడదు, ఆవిరిలో దాక్కుని వెళ్లిపోతుంది.

ఇప్పుడు నేల ఎండిపోయిందనుకోండి. ఆ 10 మెగాజౌళ్లు ఎక్కడికి పోతాయి? గాలిలోకే. ఒక చదరపు మీటరు మీద కిలోమీటరు ఎత్తు గాలి స్తంభం బరువు సుమారు 1,150 కిలోలు. అందులోకి 10 మెగాజౌళ్లు పోస్తే 8 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. నిజ జీవితంలో అంతా అక్కడే ఉండిపోదు, కొంత నేలలోకి, కొంత ఆకాశంలోకి పోతుంది. అయినా లెక్క ఎంత భయంకరంగా ఉందో చూడండి.

డోమ్ మొదటి రెండు మూడు రోజులు మట్టి మనల్ని కాపాడుతుంది. నాలుగో రోజుకు పైపొర బూడిదలా అవుతుంది. నేను వేలు గుచ్చి చూస్తుంటాను. పైన రెండు అంగుళాలు పొడి, దాని కింద ఇంకా చల్లటి తడి తగులుతుంది. మొక్క వేరు అక్కడిదాకా ఉంటే ఆకు నిలబడుతుంది. ఆ తడి కూడా దిగిపోతే మధ్యాహ్నానికి ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది, ఆవిరి వదలడం ఆపేస్తుంది. ఇక ఎండంతా గాలికే. గాలి ఇంకా వేడెక్కితే మట్టి ఇంకా ఎండుతుంది, మట్టి ఎండితే గాలి ఇంకా కాగుతుంది. డోమ్ తన పొయ్యికి తానే కట్టెలు ఎగదోసుకోవడం అంటే ఇదే.

అందుకే ముందు వానలు లేని ఏడాది వచ్చిన డోమ్‌కూ, వానలు బాగా పడ్డ ఏడాది వచ్చిన డోమ్‌కూ చాలా తేడా ఉంటుంది. 2003లో పడమటి ఐరోపా, 2010లో రష్యా, రెండూ ముందే ఎండిపోయి ఉన్న నేల మీద వచ్చినవే.

---

వానకోసం · మంగళవారం, రాత్రి 10:45

మట్టివాసన గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. తర్వాత పెరట్లోకి వెళ్లి వేలు గుచ్చాను. మూడు అంగుళాల దాకా పొడే.

నేను రోజూ తెల్లారి ఐదున్నరకి థర్మామీటరు చూసి ఒక పుస్తకంలో రాస్తాను. మొదటి రోజు 25. తర్వాత 26, 27, 27, 29. ఈ పొద్దున 30. రాత్రి ఆకాశం ఇంత ఖాళీగా ఉంటే నేల చల్లబడాలి కదా. మరి రోజూ కనిష్ఠం ఎందుకు ఎక్కుతోంది? నిన్నటి వేడి ఎక్కడ దాక్కుంటోంది?

---

పటాలగది · మంగళవారం, రాత్రి 11:30

మీరు అడిగినదే అసలు చిక్కు. మీ శీర్షికకు జవాబు కూడా ఇక్కడే ఉంది.

పగలు నేల కాచిన వేడి కలుపుకుంటూ కలుపుకుంటూ రెండు మూడు కిలోమీటర్ల మందాన గాలి అంతా వేడెక్కుతుంది. సూర్యుడు దిగాక నేల చల్లబడుతుంది, దాన్ని అంటుకున్న గాలి కూడా. కానీ ఆ చల్లదనం కొన్ని వందల మీటర్లకు మించదు. దాని పైన, మన నెత్తి మీద, పగలు కాగిన గాలి దాదాపు అలాగే ఉండిపోతుంది. గాలి వీచే రోజుల్లో అయితే ఎటో కొట్టుకుపోయేది. డోమ్ కింద గాలి కదలదు, ఎక్కడిదక్కడే.

మర్నాడు పొద్దున సూర్యుడు మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఆ పలచని చల్లటి పొరను కరిగిస్తే చాలు, ఉదయం తొమ్మిది పదికల్లా నిన్నటి వేడి పొర కిందికి తలుపు తెరుచుకున్నట్టు కలిసిపోతుంది. నిన్నటి దాని మీద ఇవాళ్టిది, దాని మీద రేపటిది. 2010లో రష్యా మీద ఈ వేడి పొర దాదాపు 4 కిలోమీటర్ల ఎత్తు దాకా పెరిగింది.

వేడి చిక్కుకోవడం అంటే, నా దృష్టిలో, ఇదే. మూత కింద ఒకసారి పట్టుకున్న వేడిని దాచి పెట్టడం కాదు. రోజూ కొత్త వేడి పుడుతుంది, పాతది పోవడానికున్న దారులు మూసుకుంటాయి: పైకి పోనివ్వని వెచ్చటి పొర, పక్కకు తోయని గాలి, ఆవిరిగా తీసుకుపోలేని ఎండు నేల. మీ పుస్తకంలో 25 నుంచి 30 దాకా ఎక్కిన ఆ మెట్లు ఆ బాకీ లెక్కే. గోడలు, రోడ్లు దాచుకున్న వేడి దానికి తోడు.

---

తొలిపొద్దు · బుధవారం, ఉదయం 5:50

కొత్త సభ్యురాలిని. ఇంత కదలకుండా ఒకేచోట ఎందుకు కూర్చుంటుంది? మామూలుగా వాతావరణం పడమర నుంచి తూర్పుకు జరుగుతూ ఉంటుంది కదండీ, ఉత్తర దేశాల్లో.

---

భౌతికం_మాస్టారు · బుధవారం, ఉదయం 7:25

రండి అమ్మా. పైన 8 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో జెట్ స్ట్రీమ్ అని బలమైన గాలి నది ఉంటుంది. అది సూటిగా పారదు, మెలికలు తిరుగుతుంది. వాటిని రాస్బీ తరంగాలు అంటారు. మెలిక ధ్రువం వైపు ఉబ్బినచోట అధిక పీడనం, భూమధ్యరేఖ వైపు జారినచోట ద్రోణి. చిన్న మెలికలు తొందరగా తూర్పుకు పోతాయి. మెలిక బాగా పెద్దదైతే దాని పరుగు తగ్గిపోతుంది, ఒక్కోసారి పూర్తిగా నిలిచిపోతుంది.

నిలిచిపోయినప్పుడు రెండు పక్కలా రెండు ద్రోణులు, మధ్యలో ఉబ్బిన అధిక పీడనం, గ్రీకు అక్షరం ఒమేగాలా కనబడుతుంది. అందుకే ఒమేగా బ్లాక్ అని పేరు. షికాగో విశ్వవిద్యాలయం నుంచి నకమురా, హువాంగ్ అనే ఇద్దరు 2018లో దీన్ని హైవే మీద ట్రాఫిక్ జామ్‌తో పోల్చి లెక్కగట్టారు. దారికి ఇంత మోయగలననే సామర్థ్యం ఒకటి ఉంటుంది, అంతకు మించి తరంగాలు వస్తే వెనకవి వెనక ఆగిపోతాయి. ఆ పోలిక నాకు చాలా నచ్చింది. పిల్లలకు పాఠం చెప్పినప్పుడు అది చెప్పగానే కళ్లు మెరుస్తాయి.

2010లో రష్యా మీద ఇలాంటి జామే కుదురుకుంది. జూలై 29న మాస్కోలో 38.2 డిగ్రీలు. చుట్టూ పీట్ నేలలు (కుళ్లిన మొక్కలు పేరుకున్న నేలలు) తగలబడి నగరమంతా పొగ. ఆ వేసవి రష్యాలో అదనపు మరణాలు దాదాపు 55,000 అని అంచనా. పంట ఎండిపోయి ఆగస్టులో గోధుమ ఎగుమతులు ఆపేశారు. అదే మెలిక తూర్పు పక్కన జారిన ద్రోణి పాకిస్తాన్‌లో వరదలకు తోడైంది. ఒకచోట నిప్పు, ఒకచోట నీరు, రెండింటి వెనకా అదే తరంగం.

---

మబ్బులవేట · బుధవారం, ఉదయం 11:00

కెనడా సంగతి పైన పైనే చెప్పారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఎందుకంటే నేను ఆ రోజుల్లో ప్రతి గంటా రీడింగులు చూస్తూ కూర్చున్నాను.

లిట్టన్ అని బ్రిటిష్ కొలంబియాలో చిన్న ఊరు. ఫ్రేజర్, థాంప్సన్ నదులు కలిసే లోయలో ఉంటుంది. 2021కి ముందు కెనడా మొత్తం మీద రికార్డు 45.0 డిగ్రీలు, 1937లో సస్కాచువాన్‌లో నమోదైంది. 84 ఏళ్లు దాన్ని ఏదీ దాటలేదు. జూన్ 27న లిట్టన్‌లో 46.6. మర్నాడు 47.9. ఆ మర్నాడు, జూన్ 29న, 49.6. రికార్డులు మామూలుగా పాయింట్లలో బద్దలవుతాయి, ఇక్కడ ఒకే ఊరు మూడు రోజుల్లో నాలుగున్నర డిగ్రీలు దాటేసింది. ముందు రోజుల్లో కంప్యూటర్ మోడళ్లు ఈ అంకెలు చూపిస్తుంటే అనుభవం ఉన్న వాళ్లు కూడా నమ్మలేకపోయారు.

అన్నీ ఒకేసారి కలిసొచ్చాయి. జూన్ చివర, అంటే పగలు అతి పొడవుగా ఉండే రోజులు, 50 డిగ్రీల అక్షాంశంలో పదహారు గంటల వెలుతురు. పసిఫిక్ నుంచి పటాలగది గారు చెప్పిన వేడి. పైన దిగుతున్న గాలి. కొండల మీంచి లోయలోకి జారుతూ మళ్లీ నలిగి వేడెక్కిన గాలి. జూన్ 30 సాయంత్రం మంట లేచింది, ఊరు చాలావరకు కాలిపోయింది, ఇద్దరు చనిపోయారు. రికార్డు రాసిన మర్నాడే ఆ ఊరు లేదు. ఇప్పటికీ ఆ అంకె చూస్తే గొంతు పట్టేస్తుంది.

---

అనుమానం · బుధవారం, మధ్యాహ్నం 12:20

ఇది వాతావరణ మార్పు వల్లే అంటారా? డోమ్‌లు ఎప్పుడూ ఉన్నాయి కదా.

---

పటాలగది · బుధవారం, మధ్యాహ్నం 1:05

డోమ్‌లు ఎప్పుడూ ఉన్నాయి, అవును. అవి కూర్చునే పీట, అంటే మామూలు ఉష్ణోగ్రత, ఎత్తు పెరిగింది. 2021 ఘటనను వరల్డ్ వెదర్ ఆట్రిబ్యూషన్ అనే శాస్త్రవేత్తల బృందం వెంటనే లెక్కగట్టింది. మనుషుల వల్ల వచ్చిన వేడెక్కడం లేకపోతే అది దాదాపు అసాధ్యం అనీ, అదే ఘటన పాత వాతావరణంలో సుమారు 2 డిగ్రీలు తక్కువగా ఉండేదనీ తేల్చింది. మెలికలే మారుతున్నాయా, ఆర్కిటిక్ తొందరగా వేడెక్కడం వల్ల జెట్ స్ట్రీమ్ మందగిస్తోందా అన్నదాని మీద మాత్రం శాస్త్రవేత్తల్లో ఇంకా వాదన నడుస్తోంది. ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేయకండి. మొదటిదాని మీద సందేహం లేదు.

---

రాత్రిడ్యూటీ · బుధవారం, సాయంత్రం 4:40

నేను నర్సును. నిన్నటి నుంచి చదువుతున్నాను, ఇప్పుడు తీరిక దొరికింది.

ఆ బ్రిటిష్ కొలంబియా డోమ్‌లో 619 మంది వేడి వల్ల చనిపోయారని అక్కడ మరణ కారణాలు విచారించే అధికారుల (కరోనర్ల) నివేదిక చెప్పింది. వాళ్లలో 98 శాతం చనిపోయింది ఇంటి లోపల. ఎండలో కాదు, ఇంట్లో. మూడింట రెండు వంతుల మంది 70 ఏళ్లు దాటినవాళ్లు, సగానికి పైగా ఒంటరిగా ఉండేవాళ్లు. పటాలగది గారు చెప్పిన ఎక్కుతున్న కనిష్ఠాల అర్థం మా వార్డులో ఇదే. శరీరం పగటి దెబ్బ నుంచి కోలుకునేది రాత్రి. రాత్రి చల్లబడకపోతే మూడో రోజుకో నాలుగో రోజుకో గుండె చేతులెత్తేస్తుంది.

ఒక పెద్దాయనను నేను మర్చిపోలేను. పై అంతస్తులో ఒక్కరే. కిటికీలన్నీ మూసి, ఫ్యాన్ వేసుకుని పడుకున్నారు. తీసుకొచ్చినప్పుడు ఒళ్లు కాలిపోతోంది, తన పేరు తను చెప్పలేకపోతున్నారు. "దాహం వేయలేదమ్మా" అని మర్నాడు చెప్పారు. పెద్దవాళ్లకు నిజంగానే దాహం అంతగా తెలియదు. ఆయన బతికారు, పక్కింటి అమ్మాయి తలుపు కొట్టింది కాబట్టి.

ఈ సంగతులు గుర్తు పెట్టుకోండి. గది 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ చల్లబరచదు, వేడిగాలిని ఒంటి మీదికి తోస్తుంది. ఒళ్లు విపరీతంగా కాలుతూ మాట తడబడినా, తికమకపడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. అంబులెన్స్‌కు ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఎదురుచూడకుండా వెంటనే చల్లబరచడం మొదలుపెట్టండి. బట్టలు వదులు చేసి ఒళ్లంతా నీళ్లు పోయండి, మెడ, చంకలు, గజ్జల్లో చల్లటి తడిగుడ్డలు పెట్టండి, విసరండి. స్పృహలో లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. బీపీకి నీరు పోయే మాత్రలు వేసుకునేవాళ్లు, మానసిక ఆరోగ్యానికి మందులు వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మందు సొంతంగా ఆపకండి, డాక్టర్‌ను అడగండి.

వానకోసం గారూ, మీ గోడ రాత్రి 11కి చెయ్యి కాలేలా ఉందన్నారు. ఆ గోడ పక్కన ఎవరు పడుకుంటున్నారు?

---

వానకోసం · బుధవారం, సాయంత్రం 5:15

మా అమ్మ. ఇప్పుడే మంచం తూర్పు గదిలోకి మార్చాను. ఆవిడకు బీపీ మాత్ర ఉంది, రేపు డాక్టర్‌తో మాట్లాడతాను. పక్కవాటాలో ఒంటరిగా ఒక పెద్దావిడ ఉంటారు, ఇప్పుడే వెళ్లి చూసొస్తాను. థాంక్స్ అక్కా.

---

తొలిపొద్దు · బుధవారం, రాత్రి 8:30

ఇది ఎప్పుడు విడుతుందో ముందే తెలుసుకునే గుర్తులేమైనా ఉన్నాయా?

---

మబ్బులవేట · బుధవారం, రాత్రి 9:10

పటంలో అయితే పడమటి ద్రోణి గుమ్మటం అంచును తినడం మొదలుపెడుతుంది, 500 మట్టం ఎత్తు రోజురోజుకూ తగ్గుతుంది. ఆకాశంలో అయితే తెల్లవారుజామున పడమర వైపు చూడండి. మధ్య ఎత్తులో, ఒకే అడుగు మీద వరుసగా చిన్న చిన్న బురుజుల్లా మబ్బులు లేస్తే, పైన తేమ వచ్చిందని, మూత బలహీనపడుతోందని అర్థం. డోమ్ అంచులో ఉరుములు చాలా ఉగ్రంగా ఉంటాయి, ఎందుకంటే కింద రోజుల తరబడి పేరుకున్న వేడికి ఒక్కసారిగా దారి దొరుకుతుంది. మొదట వాన రాకుండా గాలిదుమారం, పిడుగులు వస్తాయి. వాన నేలను చేరేలోపే ఆవిరైపోతే ఆ పిడుగులు ఎండిన అడవిని అంటిస్తాయి. చల్లబడుతోందని సంబరపడి ఆ మొదటి గంటలో చెట్ల కింద నిలబడకండి.

---

వానకోసం · శుక్రవారం, ఉదయం 5:45

తెల్లారి కనిష్ఠం 29. నిన్న 31. వారం తర్వాత మొదటిసారి వెనక్కి తగ్గింది.

పడమర వైపు మబ్బులవేట గారు చెప్పినవే ఉన్నాయి. సన్నటి అడుగు, దాని మీద పక్కపక్కనే ఏడు చిన్న బురుజులు, అంచులకు ఎరుపు. అమ్మను వరండాలోకి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను, ఇద్దరం చూస్తున్నాం. పక్కవాటా ఆవిడ కూడా బయటికి వచ్చారు. 500 పటంలో మధ్య గీత ఒకటి మాయమైంది.

---

పటాలగది · శుక్రవారం, ఉదయం 6:20

నేనూ చూశాను. ద్రోణి రాత్రి నుంచి జరుగుతోంది. మధ్యాహ్నం తర్వాత మీ బారోమీటర్ మీద కన్నేసి ఉంచండి, ముల్లు ఒక్కసారిగా పైకి ఎగిరితే చల్లటి గాలిదుమారం వచ్చేసినట్టే. అమ్మగారిని మాత్రం మూడింటికల్లా లోపలికి తీసుకెళ్లండి.

---

వానకోసం · శుక్రవారం, సాయంత్రం 6:05

4:40కి ముల్లు ఎగిరింది. ఐదు నిమిషాల్లో 41 నుంచి 30. దుమ్ము, తర్వాత ఉరుము, తర్వాత పెద్ద చినుకులు. కిటికీలన్నీ తెరిచాం. పడమటి గోడ మీద నీళ్లు జారుతుంటే ఇంకా ఆవిరి లేస్తోంది.

రేపు పొద్దున మళ్లీ పెరట్లో వేలు గుచ్చి చూస్తాను, మట్టివాసన గారూ.

---

మట్టివాసన · శుక్రవారం, సాయంత్రం 6:30

ఎన్ని అంగుళాలు తడిసిందో తప్పకుండా రాయండి. ఒక్క వాన పైపొర దాటదు సాధారణంగా. నాలుగు అంగుళాలు దాటితే మళ్లీ ఎండ కాసినా మొదటి రెండు మూడు రోజులు కొంత ఆవిరిగా పోతుంది.

---

వానకోసం · శనివారం, ఉదయం 6:00

కనిష్ఠం 24. రెండున్నర అంగుళాలు.